దగ్గు తీసేసిన చోట

ఇక్కడొక దగ్గు ఉండాలి. “రాత్రి పూట నేల తొందరగా చల్లబడుతుంది” అన్నాక, “దాన్ని ఆనుకున్న గాలి కూడా” అనేలోపు, తెర మీద ఆయన తల కొద్దిగా ఎడమకి గెంతింది. చూసేవాళ్ళు నెట్ తడబడిందనుకుంటారు. నోయిడాలో ఎడిటింగ్ వాళ్ళు దగ్గుని కత్తిరించి అటూ ఇటూ అతికించారని వాళ్ళకేం తెలుసు. ఆ దగ్గు వచ్చినప్పుడు నేను ఈ గదిలోనే ఉన్నాను, ఇదే మంచం మీద, కెమెరాకి కనపడకుండా ఓ మూలకి ఒదిగి, పక్కన వేణ్ణీళ్ళు పెట్టుకుని. అది తొందరగా వదిలిన దగ్గు కాదు. పాఠం ఆగిపోయింది, ఆయన బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగిపోయారు, నేను లేచి వీపు రాశాను, కళ్ళనీళ్ళు తుడుచుకుని కాలరు సర్దుకుని మళ్ళీ నిటారుగా కూర్చుని “దాన్ని ఆనుకున్న గాలి కూడా” అన్నారు, ఎక్కడ వదిలారో సరిగ్గా అక్కణ్ణుంచి. అంతసేపటి బాధనీ వీళ్ళు ఒక్క గెంతులో దాటించేశారు. మంచి పనివాళ్ళే, కాదనను. పిల్లలు డబ్బు కట్టేది పాఠానికి గాని దగ్గుకి కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. సర్దిచెప్పుకుని, ప్రతి గెంతు దగ్గరా ఊపిరి బిగబట్టి కూర్చుంటాను.

జూన్ సాయంత్రం, ఢిల్లీ ఆర్.కె. పురంలో రెండో అంతస్తు క్వార్టరు, కిటికీలో కూలరు గడగడలాడుతోంది, బయట వడగాలి ఇంకా తగ్గలేదు. ఒళ్ళో లాప్‌టాప్. అందులో నా భర్త రఘునందన్, మెరూన్ రంగు స్వెటర్ వేసుకుని, సివిల్స్‌కి చదివే తెలుగు పిల్లలకి భూగోళం చెబుతున్నారు. ఆయన వెనక కిటికీ నిండా జనవరి పొగమంచు, తెలియనివాళ్ళకి తెల్ల పరదాలా ఉంటుంది. ఆ కిటికీ ఇదే. ఆ కుర్చీ ఇదిగో, నా ఎదురుగా, మీద ఉతికిన బట్టలు పడేసి ఉంది. తెరలో గదీ నేను కూర్చున్న గదీ ఒకటే, అందులో ఆయన ఉన్నారు, ఇందులో లేరు. హోళీ రంగులు ఇంకా కాలనీ రోడ్ల మీద ఉండగానే పోయారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి, మందులతో నెమ్మదించవచ్చేమో గాని నయమయ్యేది కాదని డాక్టర్లు దసరాలకే చెప్పారు. అంతా విని, ఆటోలో ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, “అయితే వచ్చే బ్యాచ్ పాఠాలు ఇప్పుడే రికార్డు చేసేద్దాం లలితా” అన్నారు. అలాంటి కబురు వింటే ఎవరైనా తిరుపతి అంటారు, కాశీ అంటారు. ఈ మహానుభావుడు వెళ్ళి బల్ల మీద పెట్టుకునే దీపం కొనుక్కొచ్చాడు, మొహం మీద వెలుతురు సమంగా పడాలని.

ఇప్పుడు ఆ వెలుతురు సమంగానే పడుతోంది. తెర మూల ఎర్ర చుక్క, పక్కన లైవ్ అన్న అక్షరాలు. సాకేత్‌లో ఉన్న కోచింగు ఆఫీసు వాళ్ళు ఎప్పుడో చేసి పెట్టుకున్న పాఠాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు సాయంత్రం ఆరింటికి వదులుతారు, పిల్లలు ఆ గంటలోనే చూడాలి, వెనక్కి తిప్పుకోవడానికి లేదు. సర్ పేరు మీద ఒక మనిషి కూర్చుని పిల్లలు రాసిన ప్రశ్నలకి పక్కన చాట్‌లో జవాబులు రాస్తూ ఉంటాడు. మిగతా సబ్జెక్టులకి అందుకు జీతానికి మనుషులున్నారు. ఈయన పాఠాలకి నేను. నేనేం రాసినా ‘రఘునందన్ సర్’ అన్న పేరు కింద పడుతుంది. ఇది రికార్డు అని మొదటి రోజే పిల్లలకి చెప్పండి అని ఆయన మరీ మరీ చెప్పారు, వాళ్ళూ అలాగే సర్ అన్నారు. ఏప్రిల్‌లో బ్యాచ్ మొదలయ్యేసరికి ఆయన లేరు, అలాగే సర్ అన్నవాళ్ళకి ఆ సంగతి గుర్తూ లేదు. మొదటి సాయంత్రం నేను ఆ పేరుతో లోపలికి వెళ్ళేసరికి చాట్ నిండా నమస్తే సర్, నమస్తే సర్ అని వరసగా పడుతున్నాయి. నమస్తే అని రాశాను. అంతే, అక్కడ పడ్డాను.

పొద్దున విష్ణువర్ధన్ ఫోను చేశాడు. ఆ ఆఫీసులో క్లాసులన్నీ చూసుకునేది అతనే, ఒకప్పుడు ఈయన దగ్గర చదివినవాడే, శ్మశానంలో మా అమ్మాయి నేహా కంటే ఎక్కువ ఏడ్చినవాడు. ఆంటీ, ఇవాళ్టితో సర్ రికార్డింగులు అయిపోతాయి కదా, అన్నాడు. నాకు తెలియనట్టు. ఋతుపవనాల నుంచి సదాశివరావు గారనే కొత్త సర్ చెప్తారట, క్లాసు అవగానే చాట్‌లో పెట్టమని ఒక మాట రాసి పంపించాడు. “అనివార్య వ్యక్తిగత కారణాల వల్ల రఘునందన్ సర్ ఈ కోర్సు నుంచి విరమించుకుంటున్నారు.” మినిస్ట్రీలో సెక్షన్ ఆఫీసర్‌ని, ఇలాంటి వాక్యాలు నేనూ బోలెడు చూశాను, ఎవర్నీ నొప్పించకుండా, ఎవరికీ ఏమీ తెలియకుండా, చదివినవాడు తల ఊపి వెళ్ళిపోయేలా రాస్తాం. పోయారన్న మాట మాత్రం వద్దాంటీ, అన్నాడు గొంతు తగ్గించి, పిల్లలు డిస్టర్బ్ అవుతారు, కోర్సు మధ్యలో ఉంది, పై వాళ్ళు ఊరుకోరు. సరేనన్నాను. అతన్నేం అంటాం, అతని ఉద్యోగం అతనిది. సదాశివరావు గారి మీదా నాకు కోపం లేదు. నాకు భయంగా ఉంది, అంతే. పోయినా సరే వారానికి మూడు సాయంత్రాలు ఆయన ఆ కుర్చీలోకి వచ్చి కూర్చుంటున్నారు, ఆ మూడూ పట్టుకునే నేను వారాన్ని ఈదుతున్నాను. ఈ గంట అయిపోతే ఇక రారు.

అదుగో, ఆగారు. “కింద గాలి చల్లగా ఉంది, పైన గాలి వెచ్చగా ఉంది. ఇప్పుడు మన వంటింటి పొగ, బండ్ల పొగ, పొలాల్లో గడ్డి తగలబెట్టిన పొగ, ఇదంతా ఎటు పోతుంది?” అని అడిగి నోరు మూసుకున్నారు. ఇక మాట్లాడరు. కెమెరా వైపు చూస్తూ కూర్చుంటారు. ఈ ఖాళీని కోసెయ్యమని ఎడిటింగ్ వాళ్ళు ఎంత గోల పెట్టారో, చూసేవాళ్ళు పక్కకి పోతారు సర్ అని. దగ్గులు మీ ఇష్టం, నా ఖాళీ జోలికి మాత్రం రావద్దన్నారు ఈయన. పిల్లవాడు ఆలోచించేది అప్పుడేనట, ప్రశ్న అడిగి వెంటనే జవాబు మనమే చెప్పేస్తే వాడు ఇక జన్మలో ఆలోచించడట. పాఠం చెప్పడంలో సగం పని నోరు మూసుకోవడమే అనేవారు, ఇంట్లో మాత్రం ఆ సగం పని ఎప్పుడూ చేసింది లేదు, రోడ్డు మీద మంచు పట్టినా, అన్నం మీద ఆవిరి లేచినా దాని వెనకున్న కారణం చెప్పాల్సిందే. పెళ్ళైన కొత్తల్లో ధౌలా కువాన్ బస్ స్టాప్‌లో చలికి నా పళ్ళు కొట్టుకుంటుంటే శాలువా కప్పుతాడేమో అనుకున్నాను, పొగమంచుకీ మామూలు మంచుకీ తేడా చెప్పాడు. ఇప్పుడేమో నోరు మూసుకుని చూస్తున్నారు. తిన్నగా నా కళ్ళల్లోకి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా వైపు ఇంతసేపు కన్నార్పకుండా చూసింది లేదు. ఆ చూపు నాకు కాదని, కెమెరా మీద అంటించిన చిన్న కాగితం చుక్కకని నాకు తెలుసు, ఆ చుక్క అంటించింది నేనే. తెలిసీ చూస్తాను.

ఈ ఖాళీలోనే నా పని. పేర్లు పిలవాలి. రికార్డు చేసేటప్పుడు ఆయనకి బ్యాచ్ తెలియదు, ఒక్క పిల్ల పేరూ తెలియదు, అందుకని పేర్లు నీ వంతు అన్నారు, నేను ఆగిన చోటల్లా నువ్వు ఎవరో ఒకర్ని పేరు పెట్టి పిలువు, పేరు వినపడితే గాని మనిషి నిద్ర లేవడు. ఉషా, నువ్వు చెప్పమ్మా, అని రాశాను. ఉషది కరీంనగర్, ఒక్క క్షణం ఊరుకోని పిల్ల. పొగ పైకి పోతది సార్, వెచ్చగ ఉంటది గద, అని వెంటనే పడింది. ఇంకో ఇద్దరు ముగ్గురు అదే రాశారు. తెర మీద ఆయన కదిలి నవ్వారు. “పైకి పోతుందని ఎవరో ఒకరు రాసే ఉంటారు. తప్పు కాదు, మామూలు రోజున అలాగే పోతుంది. కాని ఇవాళ పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుని ఉంది.” సార్‌కి ఎట్ల తెలుస్తదో ముందుగాలనే, అని ఉష రాసింది. ఎలా తెలుస్తుంది. ఏళ్ళ తరబడి అదే తప్పు అదే చోట చేసిన పిల్లల్ని చూసి చూసి తెలుస్తుంది. పుట్టబోయే పిల్లకి ముందే చొక్కా కుట్టినట్టు, తను చూడబోని పిల్లలు చెయ్యబోయే తప్పుల్ని లెక్కేసుకుని ఈ కుర్చీలో కూర్చుని వాటికి జవాబులు చెప్పిపోయాడు.

ఊరికే రాలేదు ఆ విద్య. లాక్‌డౌన్ ఏడాది మొదటి ఆన్‌లైన్ క్లాసు చెప్పి బయటికొచ్చినప్పటి మొహం చూడాలి. తెర నిండా నల్ల డబ్బాలు, ఒక్కడూ కెమెరా పెట్టడు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది లలితా, అన్నారు. అర్థమైందా అని అడిగితే గోడ మీద పిడకల్లా వరసగా యెస్ సర్, యెస్ సర్ అని పడ్డాయట. వారం తిరిగి చిన్న పరీక్ష పెడితే ఒక్కడికీ ఒక్క ముక్క రాలేదు. ఆ రోజు అన్నం తినలేదు, కంచం ముందు కూర్చుని, తప్పు వాళ్ళది కాదు, అర్థమైందా అని అడగడమే నా తప్పు, కాలేదని ఎవడు చెప్తాడు, అన్నారు. అప్పట్నుంచి ఆ మాట మానేశారు. దీన్ని నీ రూమ్మేట్‌కి ఒక్క వాక్యంలో ఎలా చెప్తావు అని అడిగేవారు. చెప్పగలిగితే అర్థమైనట్టు. ఎడతెగని ఉపన్యాసం మానేసి కాసేపు చెప్పి, ఒక ప్రశ్న అడిగి, మళ్ళీ కాసేపు. క్లాసుకి రానివాడికి సాయంత్రం ఫోను, తిట్టడానికి కాదు, ఏరా తిన్నావా అనడానికి. ఇవన్నీ ముందు నా మీదే ప్రయోగం. నేను వంకాయలు తరుగుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, నువ్వే నా రూమ్మేట్‌వి, చెప్పు, పొగ ఎందుకు పైకి పోలేదు, అనేవారు. మూత పెట్టారు కాబట్టి, ఇక పక్కకి జరగండి, కూర మాడుతోంది, అనేదాన్ని. అలా నాకూ భూగోళం వచ్చింది, లేకపోతే ఈ చాట్‌లో మొదటి రోజే దొరికిపోయేదాన్ని.

దొరికినంత పనైంది మే నెలలో. ఢిల్లీ ఎండ మాడ్చేస్తుంటే ఈయన మెరూన్ స్వెటర్ గుండీలు మెడ దాకా పెట్టుకుని కూర్చున్నారు తెరలో. ఇంత ఎండల స్వెటర్ ఏంది సార్, జ్వరమా, అని ఉష. పిల్లలంతా నవ్వుల బొమ్మలు పెట్టారు. ఏసీ ఎక్కువైందని చెప్పమని అప్పటికప్పుడు మెసేజ్ పెట్టాడు విష్ణువర్ధన్. గవర్నమెంటు క్వార్టర్లో, ఈ కూలరు పక్కన కూర్చుని, ఏసీ ఎక్కువైంది అని రాశాను, రాస్తుంటే నా మెడ మీంచి చెమట కారుతోంది. తర్వాతి క్లాసుకి ఆ పిల్ల మిరియాల కషాయం ఎలా కాయాలో రాసి పెట్టింది. సార్, మా అమ్మ గిట్లనే చేస్తది, పొద్దున సాయంత్రం తాగుండ్రి, జర జాగ్రత్త, అని. తాగుతానమ్మా అని రాశాను. ఆ రాత్రి నాకు పడుకోబుద్ధి కాలేదు. ముక్కూ మొహం తెలియని పిల్ల ఆయన గురించి బెంగపడుతోంది, ఆ బెంగని నేను ఆయన పేరు మీద పుచ్చుకుంటున్నాను, అందజేసేందుకు మనిషి లేడు.

నేహా ఇవన్నీ చూడదు. గురుగ్రామ్‌లో ఉద్యోగం దానికి, క్లాసున్న సాయంత్రాలు ఆఫీసులోనే ఏదో పని పెట్టుకుని ఆలస్యంగా వస్తుంది. మొదట్లో ఒక రోజు పెందరాళే వచ్చేసింది, తలుపు తీసేసరికి ఈ గదిలోంచి వాళ్ళ నాన్న గొంతు. బ్యాగు కింద పడేసి, పాపా, అంటూ పరుగెత్తుకొచ్చింది, గుమ్మంలోకి వచ్చి నన్నూ నా ఒళ్ళో లాప్‌టాప్‌నీ చూసి ఆగిపోయింది. తెలుగులో ఏం చెప్పినా అర్థమవుతుంది గాని జవాబు మాత్రం హిందీలోనే దానికి. “మమ్మీ, ప్లీజ్ బంద్ కర్ దో,” అంది చిన్నగా. క్లాసు మధ్యలో ఉంది, నలభై మంది చూస్తున్నారు, నేను ఆపలేదు. గొంతు మాత్రం తగ్గించాను. అది చాలాసేపు ఆ గుమ్మంలోనే నిలబడి, ఆయన ప్రశ్న అడిగి ఆగిన చోట, ఆ నిశ్శబ్దం భరించలేక వెళ్ళిపోయింది. అప్పట్నుంచి చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటున్నాను, అందువల్ల ఆయన గొంతు నా తలకాయ లోపల్నుంచే వస్తున్నట్టుంటుంది, ఇంకా కష్టం.

ఇదుగో, ఇది నాకు తెలుసు, ఇక్కడ నీళ్ళు అడుగుతారు. మాట సగంలో ఉండగానే గొంతు గరగరలాడింది, పక్కకి చూశారు. తెర అంచులోంచి ఒక చెయ్యి వచ్చింది. నా చెయ్యి. స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టింది. మిగతా పాఠాల్లో ఈ చేతిని కత్తిరించేసేవారు, ఇందులో ఎందుకో వదిలేశారు. ఆకుపచ్చ గాజులున్నాయి ఆ చేతికి. గ్లాసు పెట్టి చెయ్యి వెనక్కి రావాలి, నాకు గుర్తున్నంత వరకు అంతే జరిగింది. వెనక్కి రాలేదు. ఆయన ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. పట్టుకుని, కెమెరా వైపే చూస్తూ, “కింద చల్లటి గాలికి పైకి పోయే శక్తి లేదు, అందుకని పొగ మన మధ్యే ఉండిపోతుంది” అంటూ పాఠం చెబుతూనే ఉన్నారు. ఒక వాక్యం, రెండు వాక్యాలు, చెయ్యి వదలరు. బొటనవేలు మాత్రం గాజుల మీద అటూ ఇటూ కదులుతోంది. ఇది నాకు గుర్తులేదు. దేవుడి తోడు, నాకు గుర్తులేదు. ఆ క్షణంలో నేను గోడ గడియారం వంక చూస్తూ ఉండుంటాను, మాత్ర వేళ దాటిపోతోందని, వంటింట్లో పాలు పొయ్యి మీద ఉన్నాయని, ఆస్పత్రికి ఆటో దొరుకుతుందా అని. మర్నాడు ఋతుపవనాల పాఠం రికార్డు చేద్దామనుకున్నాం, మర్నాటికి ఆస్పత్రి మంచం మీద ఉన్నారు, మొహానికి మాస్కు, ఇక మాట లేదు. ఆయన నాకు చెప్పగలిగినదేదో ఇక్కడ, నలభై మంది ఎదుట, పాఠం ఆపకుండా చెప్పారు. నేను పాల గురించి ఆలోచిస్తున్నాను.

చాట్ గొల్లుమంది. మేడమా సార్, అని ఒకరు, మేడంకి నమస్తే, అని ఒకరు. మేడంకి మా అందరి నమస్తే చెప్పండి సార్, అని ఉష. అక్షరాలు కనపడటం లేదు, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, చెప్పాను అని రాశాను, రఘునందన్ సర్ పేరు కింద. నాకు వచ్చిన నమస్కారాలు నేనే నాకు చెప్పుకున్నాను.

చివరికొచ్చారు. ప్రతి పాఠం చివరా ఒక మాట అంటారు, ఇందులోనూ అంటున్నారు. “ఇప్పటిదాకా ఒక్క అక్షరం టైప్ చెయ్యకుండా వెనకాల కూర్చున్నావు చూడు, నీతోనే. నువ్వు వింటున్నావని నాకు తెలుసు. తొందరేం లేదు, నీకు వీలైనప్పుడే మాట్లాడు.” పేరు లేదు, ఊరు లేదు, ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడని ఆయన నమ్మకం. ఈ బ్యాచ్‌లో ఆ ఒక్కడు పెద్దిరాజు. మొదటి వారంలో నాకు విడిగా మెసేజ్ పెట్టాడు, తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో. సార్, నన్నేనాండీ అన్నది? నేను వింటానే ఉన్నానండీ, నలుగురిలో రాయాలంటే బెరుగ్గా ఉంటాదండీ. అమలాపురం దగ్గర పల్లె, మొదటిసారి ఇల్లు వదిలి ఇక్కడే ఢిల్లీలో, ఓల్డ్ రాజేంద్రనగర్‌లో కిటికీ లేని గదిలో ఉంటున్నాడట, ముగ్గురికి ఒక గది, మిగతా ఇద్దరికీ హిందీ తప్ప రాదు. తెలుగులో తనతో మాట్లాడే మనిషి రోజు మొత్తం మీద సారొక్కరేనట. నిన్నే నాన్నా, అని రాశాను. ఆ తర్వాత ఒక్క క్లాసు మానలేదు, ఒక్క అక్షరం రాయలేదు. అందరి పేర్లూ పిలిచాను గాని వాడి పేరు ఎప్పుడూ పిలవలేదు, వీలైనప్పుడే మాట్లాడమని ఆయన చెప్పారుగా.

“ఇవాళ్టికి ఇంతే. ఋతుపవనాలు ఎలా పుడతాయో, ఢిల్లీకి ఎందుకంత తీరిగ్గా వస్తాయో వచ్చే క్లాసులో చెప్తాను. వెళ్ళి వేళకి తినండి.” కుర్చీలోంచి కాస్త లేచి, రికార్డింగు ఆపడానికి చెయ్యి చాచారు. మొహం దగ్గరికొచ్చింది, బుగ్గ మీద గీసుకోవడం మరిచిన నాలుగు తెల్ల వెంట్రుకలు కనిపించాయి, తెర నల్లబడింది.

ఇయర్‌ఫోన్లు తీసేశాను. కూలరు చప్పుడు ఒక్కసారి గదిలోకొచ్చింది. క్లాసయ్యాక కూడా చాట్ కాసేపు తెరిచి ఉంటుంది, సందేహాల కోసం. థాంక్యూ సర్, థాంక్యూ సర్ అని పడుతున్నాయి. ఫోన్లో విష్ణువర్ధన్ పంపిన వాక్యం చూసి టైప్ చెయ్యడం మొదలెట్టాను. అనివార్య వ్యక్తిగత కారణాల వల్ల. అంతవరకూ వేళ్ళు నడిచాయి, ఇరవై ఏళ్ళు ఫైళ్ళల్లో తిరిగిన వేళ్ళు. విరమించుకుంటున్నారు దగ్గర ఆగిపోయాయి. ఎవరు విరమించుకున్నారు. బల్ల అంచు పట్టుకుని వంగిపోయి, మళ్ళీ లేచి, వదిలిన మాట దగ్గర్నుంచే అందుకున్న మనిషా. ఈ పిల్లలు ఏడిస్తే ఏడుస్తారు, చదువు నాలుగు రోజులు ఆగితే ఆగుతుంది, విష్ణువర్ధన్ మీద పైవాళ్ళు కేకలేస్తే వేస్తారు. కాని మా సర్ మధ్యలో వదిలేసి పోయారని నలభై మంది అనుకోవడం మాత్రం నేను ఒప్పుకోలేను. రాసిందంతా చెరిపేశాను. పేరు మార్చుకునే చోట ఆయన పేరు తీసి నా పేరు పెట్టాను.

నేను లలితకుమారిని, మీ సర్ భార్యని. మీరు విన్న పాఠాలన్నీ సర్ చలికాలంలో, జబ్బుతో ఉండి, మీకోసం రికార్డు చేసినవి. మొన్న మార్చిలో ఆయన పోయారు. ఇన్నాళ్ళూ ఇక్కడ మీకు జవాబులు రాసింది నేను. మీకు ముందే చెప్పాల్సింది. మిగతా పాఠాలు కూడా చెప్పాలనే ఆయన అనుకున్నారు.

పంపించేశాక చాట్ ఆగిపోయింది. థాంక్యూలు ఆగిపోయాయి. ఎవరూ బయటికి పోలేదు, పక్కన పేర్లన్నీ అలాగే ఉన్నాయి, ఏ పేరు కిందా ఏమీ రావడం లేదు. ఉష ఏదో రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి, పోయాయి. మంచం మీద ఫోను మోగింది, విష్ణువర్ధన్. మోగి మోగి ఊరుకుంది. ఇప్పుడు నేనేదో ఓదార్పు మాట రాయాలి, పెద్దదాన్ని కదా. ఆ పేర్ల వంక చూస్తూ కూర్చున్నాను.

అందరికీ కనిపించే చోట, మొదటిసారి, పెద్దిరాజు రాశాడు.

“అదేంటండీ మేడం. ఇప్పుడే కదండీ, వచ్చే క్లాసులో చెప్తానన్నారు.”



“అన్నారు నాన్నా,” అని రాశాను. “నేనూ విన్నాను.”